దండయాత్రాపటము: గెలిచినవాడేల ఓడెను?

పోరు గెలుచుట వేరు. దండయాత్ర గెలుచుట వేరు. ఈ భేదమును కార్తేజి సేనాని హానిబల్ చరిత్రము బోధించినంత స్పష్టముగా మరియొకరి చరిత్రము బోధింపదు. క్రీ.పూ. 218లో ఆల్ప్స్ పర్వతములను దాటి ఇటలీలో అడుగిడిన యాతడు ఆ యేటి శీతకాలమున ట్రెబియా నదీతీరమునను, 217 జూనులో ట్రాసిమీన్ సరస్సు ఒడ్డునను, 216 ఆగష్టులో కాన్నే మైదానమునను రోమను సైన్యములను వరుసగా నుగ్గుచేసెను. ఆ పిమ్మట పదమూడేండ్లు ఇటలీ గడ్డమీదనే నిలిచియుండెను. అట్టివాడు క్రీ.పూ. 203లో రిక్తహస్తములతో ఓడలెక్కి స్వదేశమునకు మరలెను. మరుసటి యేట జామా రణరంగమున ఓడెను. 201లో కార్తేజి సంధిషరతులకు తల యొగ్గెను. వరుసగా గెలిచినవాడేల ఓడెను? ఈ ప్రశ్నకు సమాధానము రణరంగమున దొరకదు. అది పటముమీద దొరకవలెను. అట్టి పటమును గీయుట యెట్లు అనునదే నేటి మా ప్రసంగము.

పాఠకులలో కొందరికి ఈ వినోదము క్రొత్తది కావచ్చును. ప్రాచీనకాలపు సైన్యములను 15 మిల్లీమీటర్లో, 28 మిల్లీమీటర్లో యెత్తుగల బొమ్మసిపాయిలుగా పోతపోసి, రంగులు దిద్ది, బల్లమీద మోహరించి, కొలబద్దతో నడకను కొలిచి, పాచికలతో జయాపజయములను నిర్ణయించు క్రీడ పాశ్చాత్యదేశములలో విరివిగా నున్నది. మన నగరములలోను అచ్చటచ్చట దానికి అభిమానులు కలరు. దీనిని పిల్లలాట యని త్రోసివేయువారు చదరంగము మన పూర్వులు కనిపెట్టినదని గర్వించుట వింత. రథ గజ తురగ పదాతులను నాలుగంగములను అరువదినాలుగు గళ్ళ పలకపై నిలిపినదే గదా చతురంగము! అయితే ఆ పలకపై నేల యంతయు సమతలము. కొండ లేదు, యేరు లేదు, ఋతువు లేదు. ఏనుగు మేయదు, బంటు అన్నమడుగడు. చతురంగమున లేని దానినే దండయాత్రాపటము చేర్చుచున్నది.

ఈ చేర్పు ఒక్కనాటితో జరిగినది కాదు. ప్రష్యాదేశమున రైస్విట్స్ ప్రభువు 1812లో కొండలు, నదులు, ఊళ్ళు మలచిన దిమ్మెలతో కూడిన యుద్ధక్రీడాబల్లను తన రాజునకు సమర్పించెను. ఆతని కుమారుడు 1824లో దానిని సవరించి, ఎనిమిదివేలకు ఒకటి పాలున గీసిన నిజమైన నేలపటములపైకి మార్చి, తీర్పరి నొకనిని నియమించి, సైనికోద్యోగుల శిక్షణకు తగిన సాధనముగ చేసెను. ప్రాచీన యుద్ధముల క్రీడకు ఆంగ్లదేశమున టోనీ బాత్ అనునాయన వెలుగునిచ్చెను. 1965లో ప్రాచీన యుద్ధాభిమానుల సంఘమును స్థాపించినవాడును, 1973లో దండయాత్రాక్రీడను నడుపు విధానమును గూర్చి ప్రత్యేకగ్రంథమును వెలువరించినవాడును ఆయనయే. విడివిడి పోరులతో తృప్తి కలుగక, ఆ పోరులను ఒక్క కథగా కూర్చు సూత్రమును వెదకిన వారికి పటము తప్పనిసరియైనది. బల్లమీది పోరు సాయంకాలమునకు ముగియును. అందులో ఓడినవాడు చివరి బంటువరకు పోరాడినను నష్టము లేదు. మరుసటి ఆదివారమునకు బంట్లందరును మరల లేతురు. దండయాత్రలో అట్లు కాదు. నేడు చచ్చిన బంటు రేపు లేడు. కావున వెనుకకు తగ్గుట యెప్పుడో తెలిసినవాడే అచ్చట సేనాని.

మా మొదటి పటము

మేమును మిత్రులు నలుగురును కూడి కొంతకాలము క్రిందట ఇట్టి క్రీడ నొకదానిని ఆరంభించితిమి. ఇటలీ పటమును పెద్ద అట్టపై గీచి, సముద్రమునకు నీలిరంగును, ఆపెనైన్ కొండలకు ఊదారంగును పూసి, ప్రసిద్ధనగరములకు గోపురముల గుర్తులుంచి, అంతయు సమానమైన గళ్ళుగా విభజించితిమి. చూచినవారెల్లరు పటము సుందరముగా నున్నదనిరి. మేమును పొంగిపోతిమి. క్రీడ మొదలైన రెండవ సాయంకాలముననే హానిబల్ పాత్రను వహించిన మిత్రుడు కాన్నేవంటి గెలుపును సాధించెను. మూడవ సాయంకాలమున ఆతడు తన దండును గడి తరువాత గడిగా తిన్నగా నడిపించి రోము గోపురముపై నిలిపి, కాఫీ చల్లారకముందే యుద్ధము ముగిసినదని ప్రకటించెను. రోము పక్షమువారికి చెప్పుటకు మాట లేకపోయెను. మేము వ్రాసికొన్న నిబంధనలలో ఆతనిని తప్పుపట్టు నిబంధన యొక్కటియు లేదు.

ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. హానిబల్‌కు తోచని యుపాయము మా మిత్రునకు తోచినదా? కాన్నే గెలిచిన పిమ్మట వెంటనే రోముపైకి నడువుమని ఆశ్వికనాయకుడు మహర్బల్ తొందరపెట్టెననియు, హానిబల్ ఒప్పుకొనలేదనియు చరిత్రకారుడు లివీ వ్రాసెను. ఆ తిరస్కారము పొరపాటని వాదించువారు నేటికిని కలరు. కాని పరమసమర్థుడైన సేనాని కాదన్న దానిని మా పటము మూడు యెత్తులలో కానిచ్చినదనిన, పొరపాటు హానిబల్‌ది కాదు, మా పటముది. అది దేశపు ఆకారమును చూపినదే కాని దేశమును చూపలేదు. రంగులు వేసితిమి గాని లెక్కలు వేయలేదు.

మన దేశపు యుద్ధమునే ఏల యెన్నుకొనలేదని పాఠకులడుగవచ్చును. ఆ కోరిక మాకును లేకపోలేదు. అశోకుని కళింగయుద్ధము గలదు. లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమంది చెరగొని పోబడిరనియు ఆ చక్రవర్తియే తన పదమూడవ శిలాశాసనమున చెప్పుకొని పశ్చాత్తాపపడెను. కాని దండు ఏ త్రోవను నడచినది, ఎచ్చట విడిసినది, ఎన్ని దినములు పట్టినదన్న సంగతులు ఆ శాసనమున లేవు. త్రోవ తెలియని యాత్రకు పటము గీయుట చరిత్ర కాదు, కల్పన. హానిబల్ యాత్రకో, గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ దూరములను, దినములను, సంఖ్యలను వ్రాసిపెట్టినాడు. అందుచేత ఇటలీనే విడువక రెండవ పటమునకు పూనుకొంటిమి.

దూరము కాదు, దినము

పటమును విభజించుటకు మూడు మార్గములు కలవు. మొదటిది చదరపు గళ్ళు. దీనిలో మూలగా నడచిన దండు తిన్నగా నడచిన దండుకంటె ఒక్క యెత్తులో దాదాపు ఒకటిన్నర రెట్లు దూరము పోవును, ఇది అన్యాయము. రెండవది షట్కోణపు గడులు. 1961లో అమెరికాలో అవలాన్ హిల్ సంస్థ గెటిస్‌బర్గ్ యుద్ధక్రీడలో వాడిన పిమ్మట ఇవి లోకమంతట వ్యాపించెను. తేనెపట్టువలె అమరిన యీ గడులలో ఆరువైపులకును దూరము సమానము. బాటలతో నిమిత్తము లేక నేల నలుమూలల వ్యాపించు సేనలకు ఇవి తగును. మూడవది మజిలీపటము. మజిలీకి ఒక చుక్క, చుక్కలను కలుపుచు గీతలు, గీతపై నడకకు పట్టు దినముల సంఖ్య. చూపునకు ఇది బీదది. కాని ప్రాచీనయుద్ధమునకు ఇదియే తగినదని మా నిశ్చయము.

ఏలన ప్రాచీనులు దేశమును ఇట్లే తలపోసిరి. వియన్నా గ్రంథాలయమున భద్రపరచియున్న ప్యూటింగర్ పటమును చూడుడు. రోమనుల కాలపు మూలమునుండి మధ్యయుగమున ప్రతి చేయబడిన ఆ చుట్ట పొడవు ఏడు మీటర్లకు కొంచెము తక్కువ, ఎత్తు ఒక మూర కంటెను తక్కువ. అందులో దేశముల ఆకారములు సాగి నలిగి గుర్తుపట్టరానివి. అయినను బాటలు, మజిలీలు, వాని నడుమ దూరముల యంకెలు మాత్రము జాగ్రత్తగా నున్నవి. బాటసారికి కావలసినది అంతే. సేనానికిని అంతే. వేలకొలది బండ్లును, పశువులును వెంటగల దండు అడవులలో, కొండలలో ఇష్టము వచ్చినట్లు పోజాలదు. బాట యెటుపోయిన అది అటుపోవలెను. క్రీ.పూ. 312 నాటి ఆపియా బాట రోమునుండి కాపువాకు పోవును. హానిబల్ రాకకు రెండేండ్లే ముందు, 220లో వేసిన ఫ్లామినియా బాట రోమునుండి కొండలు దాటి ఆడ్రియాటిక్ తీరమున అరిమినమ్ చేరును. ఈ రెండు గీతలను గీచినంతనే రోము సేనలు ఎచ్చటికి వడిగా పోగలవో సగము తెలిసిపోవును.

గీతలపై దినముల సంఖ్య వేయుటలోనే పటకర్త నేర్పు. వేసవిలో అయిదు గడియల సైనికనడకలో ఇరువది రోమను మైళ్ళు పోవలెనని వెజీషియస్ తన యుద్ధశాస్త్రమున విధించెను. ఆ గడియలు వారి లెక్కన పగటిలో పండ్రెండవ వంతులు. మన కౌటిల్యుడు అర్థశాస్త్రమున సేనాగమనమును మూడు తరగతులు చేసి, దినమునకు ఆమడ నడచుట అధమమనియు, ఆమడన్నర మధ్యమమనియు, రెండామడలు ఉత్తమమనియు నిర్ణయించెను. దేశములు వేరైనను ఇద్దరును ఒక్కమాటయే చెప్పుచున్నారు: దండునకు దూరము కొలత కాదు, దినము కొలత. కౌటిల్యుడు యాత్రకు మార్గశిర, చైత్ర, జ్యేష్ఠ మాసములను వేరువేరు ప్రయోజనములకు విధించుటలో సైతము ఈ దృష్టియే యున్నది. ఏ పంట చేతికి వచ్చియున్నది, ఏ పంట విత్తవలసియున్నది అన్న విచారణ లేక ఆతడు దండును కదలనీయడు.

ఒక యుదాహరణము. 217 వసంతమున హానిబల్ ఎట్రూరియాలో ప్రవేశించుటకు ఆర్నో ప్రాంతపు చిత్తడినేలల త్రోవను ఎన్నుకొనెను. పటముపై ఆ గీత పొట్టిది. కాని నాలుగు పగళ్ళు మూడు రాత్రులు నీటిలో నడచి, పడుకొనుటకు పొడినేల దొరకక, చచ్చిన గాడిదల మోపులపై సిపాయిలు కునుకుతీసిరి. బ్రదికియున్న ఒక్క ఏనుగుపై నెక్కిన హానిబల్ అచ్చటనే కంటిజబ్బు చేసి ఒక కన్ను పోగొట్టుకొనెను. అట్టి గీతకు మేము నాలుగు దినములే వ్రాసితిమి. ప్రక్కన ఎర్రసిరాతో ఇంకొక యంకె వేసితిమి. అది నడిచినంత మాత్రమున చచ్చువారి పాలు. ఎర్రయంకె లేని పటము అబద్ధమాడును. రోన్ నదిని దాటునప్పుడు హానిబల్‌కు 38,000 కాల్బలమును, 8,000కు పైగా గుర్రపుదళమును ఉండెననియు, ఇటలీలో దిగునప్పటికి 20,000 కాల్బలమును, 6,000 గుర్రపుదళమును మాత్రమే మిగిలెననియు పాలిబియస్ లెక్క. పేరుగల యుద్ధమొక్కటియు లేకుండగనే ఇరువదివేలమంది పోయిరి. ఆల్ప్స్ దాటుటకు పట్టినది పదునైదు దినములు. బల్లమీది పోరులో ఇంత నష్టమును చూపుటకు చోటే లేదు.

గాదె

రెండవ లెక్క తిండిది. ఈ లెక్క మన పాఠకులలోని భూస్వాములకు మాకంటె బాగుగా తెలియును. రోమను కాల్బంటునకు నెలకిచ్చు గోధుమ నేటి కొలతలో సుమారు ఇరువదియేడు కిలోలు. ఆ కొలతతోనే కాన్నేలో హానిబల్‌కున్న ఏబదివేలమందిని పోషించుటకు దినమునకు నలుబదియైదు టన్నులు కావలెను. నూరు కిలోల బస్తాలు 450. బండికి అయిదు బస్తాలు వేసిన తొంబది బండ్లు. ఇది ఒక్క దినపు గ్రాసము. గుర్రముల దాణా వేరు. నెలకు 13,500 బస్తాల ధాన్యము ఏ జిల్లా గాదెలనుండి వచ్చును? స్వదేశమునుండి రసదు రాని దండు నిలిచిన చోటనే తినవలెను. తినుట ముగిసిన చోటినుండి కదలవలెను. హానిబల్ ఇటలీలో ఎల్లప్పుడు తిరుగుచుండుటకు చాంచల్యము కారణము కాదు, ఆకలి కారణము.

ఈ దృష్టితో చరిత్రను మరల చదివిన వింతలు బయటపడును. 217 చివర హానిబల్ అపులియాలో జెరూనియమ్ పట్టణమును పట్టుకొని, ఇండ్లను కూల్చక, వానినే ధాన్యపు కొట్లుగా మార్చెను. దండులో మూడింట రెండుపాళ్ళను కత్తికి కాక కొడవలికి పంపెను. మరుసటి వేసవిలో క్రొత్తపంట పండువరకు అచ్చటనే కాచుకొని, పంట పండినంతనే కదలి కాన్నే కోటను పట్టెను. ఏల? రోమనులు తమ సేనకై ధాన్యమును నిలువచేసినది అచ్చట గనుక. ప్రపంచప్రసిద్ధమైన ఆ పోరు, ఎనుబదివేల రోమను కాల్బలము పాల్గొన్నదని పాలిబియస్ చెప్పిన ఆ పోరు, ఒక గాదెకొరకు మొదలైనది! గాదెలు లేని పటమున కాన్నే యుద్ధము జరుగుటకే హేతువు లేదు.

మా రెండవ పటమున ప్రతి మజిలీకిని ఒకటి మొదలు ఆరువరకు గాదెల సంఖ్య వ్రాసితిమి. పదివేలమంది దండు నెలకొక గాదెను తినును. కోతల నెలలో గాదెలు నిండును. కాని దండు రెండేండ్లు విడిసిన చోట దున్నువాడుండడు గనుక ఆ మూడవయేట సగమే నిండును. కొండమజిలీకి ఒక్క గాదె. కంపానియా మాగాణమునకు ఆరు. ఇంతకన్న సూక్ష్మమైన లెక్క వలదు. దినదినపు పద్దులు వ్రాయించు దండయాత్రలు మూడవ నెలలోనే లెక్కలపుస్తకము క్రింద పడి చచ్చుట పరిపాటి. నెలకొక యెత్తు, ఎత్తునకొక లెక్క, శీతకాలము మూడు నెలలకు ఒక్క యెత్తు: ఈ కొలతతో పదునైదేండ్ల యుద్ధమైనను ఒక సంవత్సరపు ఆదివారములలో ముగియును.

ఈ గాదెల పట్టికను నింపునప్పుడు మాకొక విచారము కలిగెను. నియంతయైన ఫేబియస్ మాక్సిమస్ హానిబల్ రాబోవు త్రోవలోని ప్రజలు ఇండ్లు కాల్చి, పైరులు నాశనముచేసి, కోటలలో చేరవలెనని ఆజ్ఞాపించెను. శత్రువు వచ్చిన శత్రువు తినును. శత్రువునకు అందకుండ మిత్రుడు కాల్చును. రైతునకు మిగులునది రెండువైపులను బూడిదయే. క్రీడలో ఆ మజిలీకి ఎదుట సున్న వ్రాయుట సులభము. ఆ సున్నలో ఎన్ని కాపురములున్నవో తలపోయక వ్రాయరాదు.

మైత్రి

మూడవ లెక్క మనుష్యుల మనస్సుది. హానిబల్ ఇటలీకి వచ్చినది రోమును గోడలు కూల్చి పట్టుకొనుటకు కాదు. రోము మిత్రరాజ్యములను దానినుండి విడదీయుటకు. ట్రెబియా, ట్రాసిమీన్‌లలో చిక్కిన ఇటాలియను బందీలను సుంకము లేక విడిచిపుచ్చుట ఆ నీతియే. క్రీ.పూ. 225లో రోమునకును, దాని మిత్రులకును ఆయుధము పట్టగలవారు ఏడులక్షల కాల్బలమును, డెబ్బదివేల గుర్రపుదళమును కలరని పాలిబియస్ లెక్క. ఈ చెట్టును ఆకు ఆకుగా త్రుంచుట అసాధ్యము, వేరును కోయవలెను. కాన్నే పిమ్మట కాపువా మహానగరము ఆతనికి తలుపులు తెరచెను. దక్షిణమున పెక్కు పట్టణములు చేరెను. కాని లాటిన్ వలసపట్టణములు ముప్పదియును కదలలేదు. కొండల నడుమ, బాటల కూడళ్ళవద్ద మేకులవలె దిగగొట్టియున్న ఆ పట్టణములు రోము చెక్కిన అసలైన పటము. యుద్ధభారము సహింపలేక 209లో వానిలో పండ్రెండు మనుష్యులను, ధనమును ఇయ్యలేమనినవి. తక్కిన పదునెనిమిది నిలిచినవి. ఆ పదునెనిమిదియే రోమును నిలిపినవి.

కావున పటమున పట్టణములన్నిటికి ఒకే గుర్తు వేయరాదు. మేము మూడు రంగులు వేసితిమి: రోము పౌరులు, లాటిన్ వలసలు, ఇతరమిత్రులు. రోము ఓడిన ప్రతిసారి సమీపమున నున్న ఇతరమిత్రులకు పాచిక వేయుదుము. లాటిన్ వలసలకు వేయము. హానిబల్‌కు చేరిన పట్టణము ఆతనికి గాదెలను, మనుష్యులను ఇచ్చును. కాని ఆతడు దానిని కాపాడలేకపోయిన, తక్కిన మిత్రులందరికి మరల పాచిక వేయవలెను. ఈ ఒక్క నిబంధనతో క్రీడ రూపే మారిపోయెను. మిత్రుడు బలము మాత్రమే కాడు, బరువుకూడ. కాపువాను పొందిన నాటినుండి హానిబల్ కాపువాను కాయవలసినవాడయ్యెను. 211లో రోమనులు దానిని ముట్టడించినప్పుడు వారిని కదలించుటకే ఆతడు రోము గోడలదాక నడచెను, ముట్టడి విడువలేదు, కాపువా పడెను. 212లో ఆతడు పొందిన టారెంటమ్ సైతము, దాని కోట మొదటినుండియు రోమనుల చేతనే యుండగా, 209లో పోయెను. రోముకో, కాన్నేలో సేన నశించినను మనుష్యులు కరవు కాలేదు. ప్రభుత్వము ఎనిమిదివేల బానిసలను కొని ఆయుధములిచ్చెను.

తెలియనితనము

నాలుగవ లెక్కను పటముపై గీయలేము. పటమును దాచియే చూపవలెను. బల్లచుట్టు కూర్చుండి ఇరుపక్షములవారు ఒకే పటమును చూచుచున్నంతకాలము అది యుద్ధము కాదు. మా విధానమున ముగ్గురు పటములు గలవారు: ఇరువురు సేనానులకు చెరియొక ప్రతి, నిజమైన పటము తీర్పరివద్ద. సేనాని ఆజ్ఞను చీటిపై వ్రాసి ఇచ్చును. వేగులవారు తెచ్చిన మేరకే తీర్పరి శత్రువుజాడను చెప్పును. దూరపు వార్త ఆలస్యముగా చేరును, ఒక్కొక్కప్పుడు చేరదు.

దీనికి 207 నాటి వృత్తాంతమును మించిన ఉదాహరణము లేదు. హానిబల్ తమ్ముడు హాస్డ్రుబల్ క్రొత్తసేనతో ఆల్ప్స్ దాటి వచ్చి, అన్నను కలిసికొనుటకు జాబు వ్రాసి ఆరుగురు రౌతుల కిచ్చి పంపెను. వారు ఇటలీ పొడవునను శత్రువుల నడుమనుండి నడచి, చివరకు త్రోవ తప్పి టారెంటమ్ సమీపమున చిక్కిరి. జాబు రోము సేనాని క్లాడియస్ నీరో చేతబడెను. ఆతడు హానిబల్ ఎదుట తన శిబిరమును యథాతథముగ నిలిపి, ఆరువేల కాల్బలమును, వేయి గుర్రపుదళమును వెంటగొని, రేయింబవళ్ళు ఉత్తరమునకు నడచి, తన సహకన్సలు శిబిరమున రాత్రివేళ గుడారములు పెంచకుండ చేరెను. మెటారస్ నదివద్ద హాస్డ్రుబల్ హతుడయ్యెను. నీరో ఆరుదినములలో మరల దక్షిణము చేరెను. హానిబల్‌కు ఆ వార్త మొదట తెలిసినది తన శిబిరము ఎదుట విసరివేయబడిన తమ్ముని శిరస్సువలన. ఇరువురు అన్నదమ్ములకు నడుమ ఒక్క జాబు చేరియుండిన చరిత్ర యెట్లుండెడిదో! అట్టి ఆరుగురు రౌతులను నడపలేని పటము ఈ యుద్ధమునకు తగదు.

పటమునకు ఎల్లలును ఉండవలెను. స్పెయిను, ఆఫ్రికా, సిసిలీలను గూడ గీయబూనిన బల్ల చాలదు, ఆయువు చాలదు. వానికి అంచున మూడు పెట్టెలు గీచి, ఏటేట అచ్చటికి పంపిన బలమును అందు వ్రాసిన చాలును. సముద్రము రోము వశమున నుండుటచే కార్తేజినుండి హానిబల్‌కు రాగల సాయము స్వల్పము. 215లో లోక్రీ రేవున దిగిన బలమే చెప్పుకొనదగినది. కావున ఆ పెట్టెనుండి వచ్చు త్రోవను ఇరుకుగా గీచితిమి.

పటము చెప్పిన తీర్పు

ఈ రెండవ పటముతో క్రీడ మరల ఆరంభమైనది. వెనుకటి మిత్రుడే హానిబల్. ఆతడు మునుపటివలెనే రెండు పోరులు గెలిచెను, కాపువాను పొందెను, రోముపైకి నడువబోయి మజిలీలను, గాదెలను లెక్కించి, గోడలక్రింద రెండవ నెల నిలువలేనని తెలిసికొని మానుకొనెను. క్రీడలో అయిదవయేట ఒక సాయంకాలము ఆతడు పటమును చాలసేపు చూచి, చీటి వ్రాయక, మాతో ఇట్లనెను: "ఉత్తరమునకు పోయిన కాపువా పోవును. ఇచ్చటనే నిలిచిన గాదెలు లేవు. పోరాడుదమన్న ఎవరును ఎదుటికి రారు. నేను ఓడినదెప్పుడు?" ఎవరమును జవాబు చెప్పలేదు. ఆతడు ఏ పోరునను ఓడలేదు. ఆ నిమిషమున మా పటము సరియైనదని మాకు నమ్మకము కలిగెను. మొదటి పటము అందముగా నుండి అబద్ధమాడినది. రెండవది చుక్కలు, గీతలు, అంకెలు మాత్రమే. అయినను పరమసమర్థుడు ఏల ఓడెనో ఆతని స్థానమున కూర్చున్న మనుష్యుని చేతనే పలికించినది.

దండయాత్రాపటమును గీయబోవు యువకులకు మా హితవు ఇంతియే. మొదట యుద్ధము ఎట్లు ముగిసినదో చదువుడు. అట్లు ముగియుటకు హేతువులేవో వెదకుడు. ఆ హేతువులకు మాత్రమే పటమున చోటిండు. దూరమునకు బదులు దినమును, నగరమునకు బదులు గాదెను, సంఖ్యకు బదులు మైత్రిని, చూపునకు బదులు వార్తను గీయుడు. తక్కిన రంగులన్నియు తీరికనాటికి. గెలిచినవాడే గెలువవలెనని బలవంతపెట్టకుడు. ఏల గెలిచెనో తెలియునట్లు చేసిన చాలును. పటము పూర్తియైన పిదప సున్నలు వ్రాసిన మజిలీలను ఒక్కసారి వ్రేలితో తడవి చూడుడు. బల్లమీద బంట్లు మరల లేతురు. ఆ సున్నలు లేవవు.

మనము చదువు ప్రతి యుద్ధవార్తయు విజయమునే ముందు చెప్పును. ఏ సేన యెచ్చట గెలిచినదని తెలిసినంతనే తృప్తిపడుట మన యలవాటు. ఇట్టి పటమును ఒక్కటి గీచినవాడు అంతటితో తృప్తిపడడు. ఆ దండు ఎవరి గాదెను తినుచున్నది, ఎన్నాళ్ళు తినగలదు, ఆ గాదెవాడు ఏ పక్షమున నిలుచును అని అడుగును. ఆ ప్రశ్న నడుగుట నేర్పినచో ఆ అట్టముక్కయు, ఆ సిరాయు, ఆ ఆదివారములును వృథా కాలేదని మా తలంపు.